వాన వెలిశాక పడే వెలుగులో ఫోటోలు తీయడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎటు తిరిగి నిలబడాలి

పొద్దు వాలి ఉన్న వేళ జడివాన కురిసి తెరిపి ఇచ్చిందంటే, ఆ తరువాత అరగంట, మహా అయితే ముప్పావుగంట పాటు పొలాల మీద, తీరం మీద పడే వెలుగు మామూలు రోజుల్లో ఎంత వెతికినా దొరకదు. గాలిలోని దుమ్మునూ పొగనూ వాన కడిగేయడం వల్ల ఎంతో దూరాన ఉన్న కొండల అంచులు కూడా తేటగా కనబడతాయి. తడిసిన నేల, ఆకులు, పడవల చెక్కలు రంగు ముదురుతాయి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: ఆకాశంలో ఒక వైపు కారుమబ్బు ఇంకా కమ్ముకుని ఉండగానే రెండో వైపు నుంచి నీరెండ ఏటవాలుగా వచ్చి పడుతుంది. తక్కిన రోజుల్లో ఎండ కాస్తే ఆకాశమూ తెల్లగానే ఉంటుంది. ఎండ పడిన పడవ వెనుక నల్లటి ఆకాశం కావాలంటే వాన వెలిసిన సమయం తప్ప వేరే దారి లేదు.

దీన్ని అదృష్టం కింద జమ కట్టేవారు చాలామంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత ఉండనే ఉంది. అయితే ఫోటోగ్రాఫరుకు కావలసింది వాన రాకడ కాదు, వాన పోకడ. మబ్బు ఎటు పోతోంది, ఆ సమయానికి పొద్దు ఎటు ఉంటుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు ముందుగా తెలుసుకున్నవారు సరైన చోట సరైన వైపు తిరిగి నిలబడగలుగుతారు. మన రెండు జిల్లాల్లో ఈ జవాబు ఏడాదిలో రెండుసార్లు తలకిందులవుతుంది. అది తెలియక, మే నెలలో పనికి వచ్చిన చోటికే నవంబరులోనూ పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చేవారు ఎక్కువ.

కాలాన్ని బట్టి దిక్కు

ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మన వైపు కురిసే ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నపు ఎండ వేడికి పడమటి వైపున, అంటే రాయలసీమ మెట్టల మీద, నల్లమల, వెలికొండల మీద పుట్టి, సాయంత్రానికి తూర్పుకు జరుగుతాయి. రోహిణి కార్తెలో ఇది అందరికీ తెలిసిన వరసే: నాలుగు గంటలకు పడమర నల్లబడుతుంది, ముందు ఈదురుగాలి, దాని వెంట దుమ్ము, ఆ వెనుక జోరువాన. మబ్బు సముద్రం మీదికి పోయేకొద్దీ దాని వెనుక పడమటి ఆకాశం విచ్చుకుంటుంది. సరిగ్గా అక్కడే పొద్దు వాలి ఉంటుంది. అప్పుడు పొద్దు మీ వీపు వైపు, కారుమబ్బు ఎదుట సముద్రం మీద ఉంటాయి. కాబట్టి ఈ కాలంలో తీరం సరైన చోటు, సాయంత్రం సరైన వేళ. తూర్పు తీరంలో పొద్దు సముద్రంలో కుంకదు గనుక సాయంత్రం పూట బీచ్‌కు కెమెరా మోసుకుపోవడం దండగ అనే మాట తరచు వినబడుతుంది. పొద్దుకుంకే దృశ్యం మాత్రమే కావాలనుకుంటే ఆ మాట నిజమే. కానీ నేను చూసినంతలో పొద్దు కంటే, పొద్దు వెలిగించిన వస్తువే మంచి ఫోటో అవుతుంది.

అక్టోబరు రెండో సగం నుంచి వ్యవహారం మారుతుంది. నెల్లూరుకు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు తెచ్చేదే. ఈ మబ్బులు సముద్రం మీద పుట్టి లోపలికి వస్తాయి. జల్లులు రాత్రి వేళ, తెల్లవారుజామున తీరాన్ని తాకి పడమరకు సాగిపోతాయి. రెండు జల్లుల నడుమ సముద్రం మీద ఖాళీ దొరికితే ఉదయపు ఎండ ఆ సందులో నుంచి వచ్చి, అప్పుడే మనను దాటి పోయిన మబ్బు మీద, దాని ముందున్న పొలాల మీద పడుతుంది. పొద్దు మళ్లీ వీపు వైపే, కానీ ఈసారి వీపు సముద్రానికి. స్వాతి, విశాఖ కార్తెల్లో తీరానికి పోయి తూర్పుకు తిరిగి నిలబడితే చాలా ఉదయాలు బూడిదరంగు తప్ప ఏమీ మిగలదు. అదే వేళ 15, 20 కిలోమీటర్లు లోపల పెన్న ఒడ్డున పడమరకు తిరిగి నిలబడినవారికి పని దొరుకుతుంది. నవంబరు నడుమ నెల్లూరులో పొద్దు 6.10 ప్రాంతంలో పొడిచి, సాయంత్రం 5.40కి కుంకుతుంది. ముసురు పట్టిన రోజుల్లో సాయంత్రాల మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా. ఒకవేళ పడమర విచ్చినా, వాన తెర, పొద్దు రెండూ అదే వైపు ఉంటాయి గనుక ఈ వెలుగు అమరదు.

తుపాను లెక్క ఈ రెండింటికీ వేరు. తుపాను చుట్టూ గాలి మన అర్ధగోళంలో అపసవ్యంగా తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం సుమారుగా మీ ఎడమచేతి వైపున ఉంటుంది. గంట గంటకూ గాలి దిక్కు ఎలా మారుతోందో గమనిస్తే కేంద్రం ఎటు జరుగుతోందో, తెరిపి ఎటు నుంచి రాబోతోందో ఒక అంచనాకు రావచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన తీరానికి దగ్గరగా ఉత్తరంగా సాగి బాపట్ల సమీపంలో తీరం దాటింది. ఇలా దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే తుపానులో సాధారణంగా దక్షిణపు ఆకాశమే ముందు తేటపడుతుంది, కనుక నెల్లూరువారికి ఒంగోలువారి కంటే ముందు అవకాశం వస్తుంది. తీరం దాటే రోజు ఫోటోలకు పనికిరాదు, బయట తిరగడానికి అసలే పనికిరాదు. మరుసటి రోజు మాత్రం, చెదిరిన ఎత్తు మబ్బులు ఆకాశమంతా పరుచుకుని ఉంటాయి గనుక, పొద్దు పొడవక ముందూ కుంకిన తరువాతా కెమెరా సిద్ధంగా పెట్టుకోవలసిందే.

బయలుదేరే ముందు చూడవలసినవి

వాన వెలిశాక ఇంటి నుంచి బయలుదేరేవారికి ఈ వెలుగు దక్కదు. నెల్లూరు నడిబొడ్డు నుంచి మైపాడు తీరానికి ముప్పావుగంట పడుతుంది. అంతలో అంతా అయిపోతుంది. కురుస్తున్నంతసేపు కారులోనో, ఏ టీ కొట్టు చూరు కిందనో అనుకున్న చోటికి దగ్గరలోనే కూర్చుని ఉండాలి. అందుకు మధ్యాహ్నం మూడు గంటలకే నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

ముందుగా భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులో రాడార్ చిత్రాలు చూడండి. మనకు దక్షిణాన చెన్నై, శ్రీహరికోట, ఉత్తరాన మచిలీపట్నం డాప్లర్ రాడార్లు ఉన్నాయి; నెల్లూరుకు మొదటి రెండూ, ఒంగోలుకు మూడోదీ ఎక్కువ ఉపయోగపడతాయి. అరగంట తేడాతో రెండు చిత్రాలు తీసి, ఎర్రగా కనిపించే వాన ముద్ద ఎంత దూరం, ఎటు జరిగిందో కొలవండి. ఉరుముల మబ్బులు గంటకు 20 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో కదలడం మామూలు. ఉదాహరణకు మూడు గంటలకు ఉదయగిరి, రాపూరు వైపు కొండల మీద మబ్బు పుట్టి గంటకు 30 కిలోమీటర్ల చొప్పున తూర్పుకు వస్తోందనుకుందాం. అది ఐదింటికి నెల్లూరు మీదికి చేరుతుంది, ఆరింటి ప్రాంతంలో తీరం వదులుతుంది. మే నెలలో పొద్దు కుంకేది 6.30కి. అంటే లెక్క సరిపోయింది, బయలుదేరవచ్చు. అదే మబ్బు మధ్యాహ్నం రెండింటికే వచ్చి పోతే ఎండ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది కనుక కురిసినా ప్రయోజనం లేదు. అది ఏడింటికి వచ్చేటట్టయితే వెలుగే ఉండదు.

రాడార్ వాన ఎక్కడుందో చెబుతుంది కానీ పడమర ఖాళీగా ఉందో లేదో చెప్పదు. దానికి ఇన్సాట్ ఉపగ్రహ చిత్రం చూడాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క చాలామంది పట్టించుకోరు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, 10 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మబ్బు అడుగును పొద్దుకుంకే వేళ కిరణాలు తాకాలంటే పొద్దు దిక్కున సుమారు 350 కిలోమీటర్ల మేర అడ్డు లేకుండా ఉండాలి. మే, జూన్ నెలల్లో పొద్దు నేరుగా పడమరన కాక వాయవ్యం వైపు జరిగి కుంకుతుంది గనుక, నెల్లూరులో నిలబడినవారికి ఆ 350 కిలోమీటర్లు బళ్లారి, ఆదోని దాకా పోతాయి. నవంబరు, డిసెంబరుల్లో పొద్దు నైరుతికి జరుగుతుంది. అప్పుడు చూడవలసింది రాయచోటి దాటి చిక్కబళ్లాపురం దిక్కు. అక్కడ దట్టమైన మబ్బు పరుచుకుని ఉంటే మన నెత్తిన ఎంత అందమైన మబ్బున్నా అది రంగెక్కదు. ఇంత దూరపు ఖాళీ కావలసింది పొద్దు కుంకిన తరువాత ఎత్తు మబ్బులు ఎర్రబడటానికే. పొద్దు ఇంకా మూడు డిగ్రీల ఎత్తున ఉండగా పొలాల మీద నీరెండ పడటానికైతే, తక్కువ ఎత్తు మబ్బు అంచు మనకు పడమరగా 20 కిలోమీటర్ల దూరంలో తెగితే చాలు.

స్థలానికి చేరాక ఫోను అక్కర లేదు. పడమటి అంచున మబ్బు కింద పసుపుపచ్చని గీత కనబడిందంటే వాన అంతు చూసినట్టే. చేయి చాచి, నాలుగు వేళ్లను అడ్డంగా పొద్దుకూ నేలకూ నడుమ పెట్టి చూడండి: ఒక్కొక్క వేలు పావుగంట అని వేరే దేశాలవారు రాసిన లెక్క మనకు పనికిరాదు. మన అక్షాంశంలో పొద్దు దాదాపు నిటారుగా దిగుతుంది, కాబట్టి నాలుగు వేళ్లూ కలిపి అరగంటకు కాస్త ఎక్కువ, అంతే. కుంకిన తరువాత మిగిలే మలిసంజ వెలుగు కూడా 20, 22 నిమిషాలకు మించదు.

ఎక్కడ, ఎటు

మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు తీరాల్లో ఒక చిక్కు ఉంది. ఇసుక తిన్నెల వెనుక సరుగుడు తోటలు వరసగా పెరిగి ఉంటాయి. పొద్దు ఐదు డిగ్రీలకు దిగేసరికి 12 మీటర్ల సరుగుడు చెట్టు నీడ దాదాపు 140 మీటర్లు పడుతుంది. మూడు డిగ్రీలకు దిగితే 230 మీటర్లు. అంటే వెలుగు బంగారు రంగుకు తిరిగే సరికి, ఒడ్డున లాగి పెట్టిన పడవలన్నీ నీడలోకి పోతాయి. కనుక వాన పడుతుండగానే తోటల మధ్య ఖాళీ ఎక్కడుందో చూసి పెట్టుకోవాలి. పల్లెకారుల ఊరు ఎదుట, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రోడ్డు నేరుగా తీరానికి దిగే చోట ఇటువంటి ఖాళీ ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఒడ్డున నిలిచిపోయిన పడవలు ఎక్కువగా కనిపిస్తాయి.

పడవను తీసే విధానం కాస్త వివరంగా చెబుతాను. నీలం, ఎరుపు రంగులు వేసిన ఫైబర్ పడవ ఒకటి సముద్రానికి ముక్కు పెట్టి ఉందనుకోండి. మీరు దానికి పడమరగా నిలబడితే మీ నీడ కూడా పొడుగ్గా సాగి కెమెరా చట్రంలోకి (ఫ్రేములోకి) వచ్చి పడవ మీద పడుతుంది. రెండు అడుగులు ఉత్తరానికి జరిగి, మోకాలి మీద కూర్చుని, మీ నీడను పక్క పడవ నీడలో కలిపేయండి. కూర్చోవడం వల్ల పడవ అంచు సముద్రపు గీతను దాటి నల్లటి మబ్బు మీదికి లేస్తుంది. ఎండ పడిన రంగుకు, మబ్బుకు నడుమ ఏమీ అడ్డు రాదు. అంచు మీద నిలిచిన వాన చుక్కలు, చుట్టి పెట్టిన వల మీది పట్టా మడతల్లో నిలిచిన నీళ్లు, ఇవన్నీ ఆ ఎత్తు నుంచి మెరుస్తూ కనబడతాయి. పడవ మీదనో దాని పక్కనో మనిషి ఉంటే "అన్నా, ఒక ఫోటో తీసుకోనా" అని అడిగి తీయండి. పడవ ఎక్కవద్దు, చెప్పులతో అసలు ఎక్కవద్దు.

ఈశాన్య రుతుపవన కాలపు ఉదయాలకు పెన్న పరీవాహకమే నా ఎంపిక. జొన్నవాడ ఒడ్డున నిలబడితే ఏటి అవతల నరసింహకొండ, దాని మీద వేదగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయం కనిపిస్తాయి. పొద్దుటి ఎండ ఎడమ పక్క నుంచి పడి కొండ రాళ్ల గరుకుదనాన్ని తేల్చి చూపుతుంది. నరసింహకొండ పైకి ఎక్కితే పెన్న వంపులు, ఒడ్డున పొలాలు పడమరగా పరుచుకుని ఉంటాయి. నెల్లూరు డెల్టాలో ప్రధానమైన వరి పంట రబీదే కనుక నవంబరు, డిసెంబరుల్లో దమ్ము చేసిన మడులు, నారుమళ్లు పక్కపక్కనే ఉంటాయి. పడమటి ఆకాశం నల్లగా ఉన్నప్పుడు దమ్ము మడి నీళ్లు కూడా ఆ నలుపునే చూపిస్తాయి. వాటి నడుమ ఎండ పడిన నారుమడి పచ్చదనం ఎంత గాఢంగా కనబడుతుందో కెమెరా తెర మీద చూస్తే మీకే నమ్మబుద్ధి కాదు. తడిసిన గట్లు కాలి కింద విరిగిపోతాయి కనుక మడి గట్టు మీద కాకుండా కాలువ కట్ట మీద నడవండి.

వెలికొండలు మనకు పడమర ఉన్నాయి గనుక వాటి తూర్పు ముఖం ఉదయం పూటే వెలుగుతుంది. రాపూరు, పెంచలకోన వైపు సాయంత్రం పోయినవారికి కొండ నీడే దక్కుతుంది, అదీ పొద్దు కుంకడానికి చాలా ముందే. సోమశిల దగ్గర దీనికి తిరగబడిన పరిస్థితి: జలాశయం ఆనకట్టకు పడమర వైపున ఉండటంతో సాయంత్రపు రంగు నీళ్ల మీద పడుతుంది. అయితే ఆనకట్ట మీద ఫోటోలకు ఆంక్షలు ఉండవచ్చు, కాపలావారిని అడిగి తెలుసుకోండి. పడమటి మండలాలవారికి కంభం చెరువు ఉండనే ఉంది. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన ఆ చెరువు దగ్గర, ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో వాన తూర్పుకు పోయాక, కట్ట నుంచి తూర్పు కొండల మీద పడే నీరెండను పెద్ద లెన్సుతో తీయవచ్చు.

భైరవకోన వంటి లోయలూ జలపాతాలూ ఈ వేటకు అనువు కావు. అక్కడికి వాలు ఎండ దిగదు, మబ్బు పట్టిన మెత్తటి వెలుగే జలపాతానికి మంచిది.

హరివిల్లు

హరివిల్లు ఎక్కడ వస్తుందో వెతకనక్కర లేదు. పొద్దుకు వీపు పెట్టి నిలబడండి; నేల మీద మీ తల నీడ ఎటు ఉందో అటే హరివిల్లు వలయానికి కేంద్రం, అక్కడి నుంచి 42 డిగ్రీల దూరంలో వంపు. అందుకే పొద్దు 42 డిగ్రీల కంటే ఎత్తున ఉన్నంతసేపు నేల మీద నిలబడినవారికి హరివిల్లు కనిపించదు. మే నెలలో నెల్లూరులో ఇది మధ్యాహ్నం మూడున్నర దాకా. పొద్దు దిగేకొద్దీ వంపు లేస్తుంది, కుంకే వేళకు సగం వలయం నిలబడుతుంది. రెండు కాళ్లూ కలిపి మొత్తం 84 డిగ్రీల వెడల్పు కనుక, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాకు 18 మిల్లీమీటర్లు, చిన్న సెన్సరుకు 12 మిల్లీమీటర్ల లెన్సు ఉంటేనే పూర్తిగా పడుతుంది. లేకపోతే ఒక కాలు చాలు. తాడిచెట్ల వరస మీద దిగిన ఒక కాలు, మొత్తం వంపు కంటే మంచి ఫోటో అని నా అభిప్రాయం. పైన మరో మసక వంపు కనబడితే దాని రంగుల వరస తిరగబడి ఉండటం, రెండు వంపుల నడుమ ఆకాశం ఇంకాస్త నల్లగా ఉండటం గమనించి, ఆ నలుపును చట్రంలో ఉంచండి. పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే తిప్పుడు ఫిల్టరు) ఉంటే నెమ్మదిగా తిప్పుతూ చూడండి. ఒక స్థితిలో హరివిల్లు గట్టిపడుతుంది, మరో స్థితిలో మొత్తం మాయమవుతుంది. చూడకుండా తిప్పి తీసినవారికి ఆ రెండోదే ఎదురవుతుంది.

కెమెరా అమరికలు

ప్రకృతి ఫోటోల పాఠాలన్నీ ఆకాశం వెలుగు ఎక్కువ, నేల వెలుగు తక్కువ అన్న నమ్మకం మీద నడుస్తాయి. వాన వెలిసిన వేళ పొద్దుకు వీపు పెట్టి తీసేటప్పుడు ఇది పూర్తిగా తలకిందులు: ఆకాశమే నల్లన, నేలే తెల్లన. కనుక గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టరు (చట్రం పై సగాన్ని మాత్రమే చీకటి చేసే అద్దం) ఇక్కడ అక్కర లేదు సరికదా, పెడితే మబ్బు మసిబారి దాని మడతలు పోతాయి. ఫిల్టరు పొద్దుకు ఎదురుగా తీసేటప్పటికి దాచుకోండి. చట్రంలో నలుపు ఎక్కువగా ఉండటం వల్ల కెమెరా మీటరు మోసపోయి ఎక్స్‌పోజరు (ఫోటోకు తీసుకునే వెలుగు) పెంచుతుంది, ఎండ పడిన భాగం తెల్లగా కాలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగును సగం చేసి మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) కుడి అంచు తెగకుండా సర్దుకోండి. ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8, షట్టరు సెకనులో 60వ వంతు అన్నవి పొద్దు బాగా దిగిన వేళకు మంచి ఆరంభం. వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది కనుక ఒకసారి పెట్టి వదిలేయవద్దు.

రా ఫైళ్లు (కెమెరా సరిదిద్దని ముడి ఫైళ్లు) తీయండి. వైట్ బ్యాలెన్సును (రంగు సవరణను) ఆటోలో ఉంచితే కెమెరా నీరెండ పసుపును దోషంగా భావించి సరిదిద్దేస్తుంది. డేలైట్‌లో, అంటే 5,200 నుంచి 5,500 కెల్విన్ మధ్య ఉంచండి. లెన్సుల్లో చాలామంది వైడ్ లెన్సు పెట్టుకుని బయలుదేరతారు. నేనైతే 70–200 మిల్లీమీటర్ల లెన్సునే ముందు బిగిస్తాను, ఎందుకంటే మబ్బుల సందులోంచి పడే ఎండ అంతటా పరుచుకోదు, ఒక పొలం మీదో, ఒక గుట్ట మీదో ముక్కగా పడి కదులుతుంది. ఆ ముక్క ఎటు జరుగుతోందో చూసి, అది చేరబోయే చెట్టునో గుడి గోపురాన్నో ముందే చట్రంలో పెట్టుకుని కాచుకోవాలి. ఎండ ముక్క వెంట కెమెరా తిప్పుతూ పోతే ఒక్కటీ కుదరదు.

ఫోనుతో తీసేవారు ఎండ పడిన భాగం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజరును లాక్ చేసి, పక్కనున్న గీతను కిందికి జరపండి. డిజిటల్ జూమ్ వాడవద్దు. వెలుగునీడలను సమం చేసే ఆటో హెచ్‌డీఆర్ మబ్బు నలుపును బూడిదరంగుకు తెస్తుంది; ఆపే వీలుంటే ఆపండి.

పొద్దు కుంకగానే సర్దుకుని పోకండి. ఉరుముల మబ్బు పై అంచు విస్తరించి ఏర్పడే ఎత్తు మబ్బు మీద వెలుగు ఇంకా 10, 15 నిమిషాలు ఉంటుంది. పెద్ద మబ్బు వెనుక అంచున అడుగు భాగం సంచులు సంచులుగా వేలాడటం అరుదుగా కనిపిస్తుంది. కింది నుంచి ఎరుపు తగిలినప్పుడు అది ఈ వేట మొత్తానికీ అరుదైన బహుమతి. ఈ సమయానికి ట్రైపాడ్ తప్పనిసరి.

జాగ్రత్తలు

వాన ఆగినంత మాత్రాన పిడుగు ఆగదు. మబ్బు అంచు దాటిన తరువాత కూడా పిడుగులు పడతాయి, ఖాళీ తీరంలో, పొలంలో ట్రైపాడ్ పక్కన నిలబడిన మనిషే అన్నిటికంటే ఎత్తు. మెరుపుకూ ఉరుముకూ నడుమ ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరమని లెక్క. ఆ ఎడం 30 సెకన్లలోపు ఉంటే కారులో నుంచి దిగవద్దు. చివరి ఉరుము విన్న తరువాత అరగంట ఆగండి. ఈ నియమం పాటిస్తే కొన్ని సాయంత్రాలు వెలుగు కళ్లెదుటే చేజారిపోతుంది, పోనివ్వండి. కారులో నుంచే తీసిన ఫోటోలూ పనికొస్తాయి. తాడిచెట్టు కిందికి మాత్రం పోవద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ మీ చుట్టుపక్కల పిడుగులు పడుతున్న చోట్లను చూపిస్తుంది.

నీటి విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. ఎగువన పడిన వాన గంటల తరువాత మన చప్టా మీదికి వస్తుంది. ఇక్కడ ఆకాశం తేటగా ఉందని వాగు దాటవద్దు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు మార్గమే కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. తుపాను తరువాత అలలు రెండు రోజులైనా తగ్గవు. తీరంలో సముద్రానికి వీపు పెట్టి వంగి కూర్చోవద్దు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో తడిసిన మట్టిబాట పట్టిన బండి చక్రం అడుగు కదలదు. తారు రోడ్డు మీద నుంచి కనిపించే దృశ్యంతో సరిపెట్టుకోండి. కృష్ణపట్నం రేవు, విద్యుత్ కేంద్రాల దరిదాపుల్లో అనుమతి లేకుండా కెమెరా, డ్రోన్ ఎత్తవద్దు.

మరో మాట. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతల వేళ వచ్చే అకాల వాన మనకు వెలుగు తెస్తుంది, రైతుకు నష్టం తెస్తుంది. కళ్లంలో వడ్లు తడుస్తుంటే ముందు పట్టా కొస పట్టుకోండి, కెమెరా తరువాత. తుపానుకు కూలిన ఇంటి ముందు నిలబడిన మనిషి మీద పడిన నీరెండ ఎంత బాగున్నా, ఆయన ఒప్పుకోకుండా తీయకూడదు.

ఇంటికి వచ్చాక

ఫైళ్లను సరిదిద్దేటప్పుడు నీడలను మరీ లేపవద్దు. మబ్బు నల్లగా ఉండటమే ఆ ఫోటోకు ప్రాణం. మసకను తగ్గించే డీహేజ్ మీట కూడా అక్కర పడదు, ఆ పని వాన చేసే ఉంటుంది. వేరే ఆకాశం అతికించే పద్ధతి గురించి నాకు చెప్పవలసిందేమీ లేదు.

కెమెరా శుభ్రానికి మాత్రం ఆ రాత్రే కూర్చోండి. ఏసీ కారులో నుంచి దించగానే లెన్సు మీద ఆవిరి పట్టకుండా ఉండటానికి, దిగే పావుగంట ముందు ఏసీ ఆపి అద్దాలు దించండి. వానకు ప్లాస్టిక్ కవరు ఒకటి, దానికి లెన్సు పట్టేంత రంధ్రం, ఒక రబ్బరు బ్యాండు చాలు. తీరంలో తీసి ఉంటే ఉప్పు తేమ కెమెరా మీద, ట్రైపాడ్ కీళ్లలో పేరుకుని ఉంటుంది. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా ఒంటిని తుడిచి, ఆ తరువాత పొడి గుడ్డతో తుడవండి. లెన్సు అద్దాన్ని ముందు బ్లోయరుతో ఊదకుండా గుడ్డ పెడితే ఇసుక గీతలు పడతాయి. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా విప్పి మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. మన తేమకు ముసురు నెలల్లో సంచిలో మూసి పెట్టిన లెన్సుకు బూజు పట్టడం ఖాయం కనుక, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పొట్లాలు రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోండి.